పది సెంట్ల బొమ్మల పుస్తకం

లాఠీ దెబ్బకు తల పగిలిన కుర్రాడు... దాదాపు యాభై ఏళ్ల తర్వాత తన కథను బొమ్మల పుస్తకంగా తెచ్చాడు. దాన్ని చేతబట్టుకుని పుస్తకాల షాపులూ లైబ్రరీలూ బడులూ తిరిగాడు. దౌర్జన్యం చేసే ప్రభుత్వానికి ఒట్టి చేతులతో ఎదురు నిలవడం ఎలాగో చిన్నపిల్లలకు అర్థమయ్యేలా చెప్పుకుంటూ వచ్చాడు. ఆయనకు ఆ విద్య నేర్పిన వాటిలో ఒకటి... పదహారు పేజీల బొమ్మల పుస్తకమే!

2015 జులై. అమెరికాలోని శాన్‌డియెగో నగరం. ఏటా అక్కడ కామిక్స్ అభిమానుల తిరునాళ్ల జరుగుతుంది. లక్షమందికి పైగా వస్తారు. ఒకరు సూపర్‌మ్యాన్ వేషం కడితే ఇంకొకరు బ్యాట్‌మ్యాన్. ఆ గుంపులో డెబ్భై అయిదేళ్ల పెద్దాయన ఒకరు కనిపించారు. సూటు మీద పొడుగు కోటు. వీపుకి సంచీ. చూసినవాళ్లకు అది ఏ హీరో వేషమో అర్థం కాలేదేమో! ఆయన వేసుకున్నది తన వేషమే. పాతికేళ్ల వయసులో తను ఎలా ఉండేవారో అలా తయారై వచ్చారు. పుస్తకం గురించిన సభ అయిపోయాక అక్కడున్న చిన్నపిల్లల చేతులు పట్టుకుని హాల్లో నడక మొదలుపెట్టారు. వందలమంది వెనకే నడిచారు.

ఆయనే జాన్ లూయిస్. అప్పటికి దాదాపు మూడు దశాబ్దాలుగా అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడు. అంతకన్నా ముందు... 1965 మార్చి 7న అలబామా రాష్ట్రం సెల్మా ఊళ్లోని వంతెన మీద ఆరువందల మందికి ముందు నడిచిన కుర్రాడు. నల్లజాతి వాళ్లకు ఓటు హక్కు కావాలన్నది ఆ నడక ఉద్దేశం. ఆ రోజు సంచీలో ఏం పెట్టుకున్నారో ఆయన ప్రతి సభలోనూ చెప్పేవారు. రెండు పుస్తకాలు, ఒక ఆపిల్, ఒక నారింజ, టూత్‌బ్రష్, పేస్టు. ఎటూ జైల్లో వేస్తారు, చదువుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా! జైలు దాకా వెళ్లనివ్వలేదు. వంతెన దిగేచోట రాష్ట్ర పోలీసులు లాఠీలతో, గుర్రాలతో, బాష్పవాయువుతో విరుచుకుపడ్డారు. లూయిస్ పుర్రె చిట్లింది.

కోళ్లూ సబ్బు బిళ్లా

మన దగ్గర పుస్తకావిష్కరణ అంటే వేదిక నిండా పెద్దలు, శాలువాలు, పూలగుత్తులు. రచయిత వంతు వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. అమెరికాలో పుస్తకాల షాపులో జరిగే సభ తీరు వేరు. అల్మారాల మధ్యే కుర్చీలు వేస్తారు. రచయిత ఓ అరగంటో ముప్పావుగంటో మాట్లాడతాడు. జనం ప్రశ్నలడుగుతారు. తర్వాత వరుసలో నిలబడి పుస్తకం మీద సంతకం తీసుకుంటారు. అంతే. లూయిస్ బొమ్మల నవల 'మార్చ్' మొదటి భాగం 2013 ఆగస్టులో వచ్చింది. రెండోది 2015లో, మూడోది 2016లో. ఆ నాలుగేళ్లూ ఆయన ఇలాంటి సభలకు తిరుగుతూనే ఉన్నారు. పక్కన ఇద్దరు ఉండేవారు. ఆయనతో కలిసి రాసిన ఆండ్రూ ఐడిన్, బొమ్మలు వేసిన నేట్ పావెల్.

సభలో ముందు కోళ్లు వచ్చేవి! లూయిస్ 1940లో అలబామాలోని ట్రాయ్ ఊరి దగ్గర కౌలు రైతు ఇంట్లో పుట్టారు. ఆయనకు నాలుగేళ్లప్పుడు తండ్రి మూడువందల డాలర్లు కూడబెట్టి 110 ఎకరాలు కొన్నాడు. ఆ ఇంట్లో కోళ్లను చూసుకునే పని ఈ పిల్లాడిది. పెద్దయ్యాక మతబోధకుడు కావాలని కోరిక. వినేవాళ్లు లేరు కాబట్టి కోళ్లనే కూర్చోబెట్టి ఉపదేశాలు చేసేవాడు. చచ్చిపోయినదానికి అంత్యక్రియలు కూడా చేసేవాడు. 'ఇప్పుడు సభలో నాతో కూర్చునే సభ్యుల కన్నా ఆ కోళ్లే శ్రద్ధగా వినేవి. పైగా అవి గుడ్లయినా పెట్టేవి' అనేసరికి హాలంతా నవ్వులు.

ఆ నవ్వు ఆగకముందే సబ్బు బిళ్ల కథ వచ్చేది. అలబామా లాంటి దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి మనిషి ఓటరుగా పేరు రాయించుకోవడానికి వెళ్తే పరీక్ష పెట్టేవారు. సబ్బు బిళ్లలో ఎన్ని బుడగలున్నాయో చెప్పమనేవారు. సీసాలో ఎన్ని తీపి బిళ్లలున్నాయో లెక్క చెప్పమనేవారు. టీచరైనా లాయరైనా తప్పాల్సిందే. సెల్మా ఉన్న జిల్లాలో నల్లవాళ్లు సగం మంది ఉంటే, వాళ్లలో ఓటున్నది నూటికి ఇద్దరికి. ఎన్నికలు జరుగుతాయి, కోర్టులుంటాయి, పత్రికలుంటాయి. కానీ జనంలో ఒక భాగానికి ఇవేవీ ఉండవు. అడిగితే ఉద్యోగం పోతుంది, ఇల్లు తగలబడుతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకే అప్పటి దక్షిణాదిని ప్రజాస్వామ్య దేశం లోపలి నిరంకుశ పాలన అనే రాజనీతి పండితులున్నారు. ఆ మాట లూయిస్‌కి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. అందులోనే పుట్టి పెరిగారు.

ఫాంటమ్ బొమ్మల చేయి

2008 ఎన్నికల సమయం. లూయిస్ ప్రచార బృందంలో ఐడిన్ అనే కుర్రాడు పత్రికల వ్యవహారాలు చూస్తున్నాడు. ఎన్నికలయ్యాక ఏం చేస్తారన్న మాటొచ్చింది. కామిక్స్ తిరునాళ్లకు పోతానన్నాడు. అందరూ ఎగతాళి చేశారు. 'బొమ్మల పుస్తకాలు మానేసి చదువుకో' అని పిల్లల్ని కసిరే పెద్దలు మన దగ్గరే కాదు, అన్నిచోట్లా ఉన్నారు! లూయిస్ మాత్రం వాళ్లను ఆపారు. 'ఎగతాళి చెయ్యకండి. మా ఉద్యమం రోజుల్లో ఒక కామిక్ పుస్తకం ఉండేది. అది చాలామందిని కదిలించింది' అన్నారు.

ఆ పుస్తకం పేరు 'మార్టిన్ లూథర్ కింగ్ అండ్ ద మాంట్‌గోమరీ స్టోరీ'. 1957 చివర్లో వచ్చింది. పదహారు పేజీలు. వెల పది సెంట్లు. వేసింది యుద్ధాలకు వ్యతిరేకంగా పనిచేసే 'ఫెలోషిప్ ఆఫ్ రీకన్సిలియేషన్' అనే సంస్థ. రెండున్నర లక్షల ప్రతులు వేశారు. దుకాణాల్లో అమ్మలేదు. చర్చిల ద్వారా, కాలేజీల ద్వారా, కార్మిక సంఘాల ద్వారా చేతులు మారుతూ పోయింది. బొమ్మలు వేసిందెవరో అరవై ఏళ్లు ఎవరికీ తెలియలేదు. చివరికి ఐడినే ఆరా తీసి పట్టుకున్నాడు. ఆయన సై బారీ. ఆ తర్వాత మూడు దశాబ్దాలు ఫాంటమ్ బొమ్మలు వేసిన చేయి! మన ఇంద్రజాల్ కామిక్స్ తరం ఆ గీతను ఎక్కడున్నా పోల్చుకుంటుంది.

కథ అందరికీ తెలిసిందే. 1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీ నగర బస్సులో రోజా పార్క్స్ తన సీటు తెల్లమనిషికి వదలనంది. అరెస్టు చేశారు. నల్లజాతి జనమంతా బస్సులెక్కడం మానేశారు. 381 రోజులు. నడిచారు, ఒకరి కార్లలో ఒకరు వెళ్లారు. చివరికి సుప్రీంకోర్టు తీర్పుతో బస్సుల్లో వేరు సీట్లు పోయాయి. పుస్తకం అక్కడితో అయిపోతే అది మామూలు చరిత్ర పాఠం. చివరి పేజీల్లో అసలు సంగతి ఉంది. ఈ పని మీరూ చెయ్యాలంటే ఎలా చెయ్యాలి, కొట్టడానికి వచ్చినవాణ్ని ఎలా చూడాలి, ముందే ఏం అభ్యాసం చెయ్యాలి... అన్నీ బొమ్మల్లో ఉన్నాయి. వంటల పుస్తకంలో కొలతల్లాగా.

ఐడిన్ ఈ పుస్తకం మీదే విశ్వవిద్యాలయంలో పరిశోధనా వ్యాసం రాశాడు. 'మీరే ఒక కామిక్ ఎందుకు రాయకూడదు?' అని లూయిస్ వెంటపడ్డాడు. ఆయన మొదట నవ్వేశారు. అడగ్గా అడగ్గా ఒప్పుకున్నారు. ఒక షరతు... 'నువ్వూ నాతో కూర్చుని రాయాలి'.

నాగపూర్ నుంచి నాష్‌విల్ దాకా

ఆ పది సెంట్ల పుస్తకం ఒంటరిగా ఏమీ చెయ్యలేదు. దాని వెనక ఒక మాస్టారున్నాడు. పేరు జేమ్స్ లాసన్. కొరియా యుద్ధానికి సైన్యంలో చేరనని జైలుకెళ్లిన మనిషి. విడుదలయ్యాక 1953లో మన దేశం వచ్చి నాగపూర్ హిస్లాప్ కాలేజీలో పనిచేశాడు. గాంధీ అప్పటికి లేరు. కానీ ఆయనతో నడిచినవాళ్లున్నారు. సత్యాగ్రహం ఎలా నడిపారో వాళ్లనడిగి తెలుసుకున్నాడు. మాంట్‌గోమరీలో బస్సులు మానేశారన్న వార్త కూడా లాసన్ నాగపూర్‌లోనే చదివాడు. అక్కడి పత్రికలో. తను వెతుకుతున్నది సొంత దేశంలో మొదలైందని తెలిసి 1956లో తిరిగి వెళ్లాడు. మరుసటేడు కింగ్‌ని కలిస్తే 'ఆలస్యం చెయ్యకుండా దక్షిణాదికి రండి' అన్నారట. లాసన్ నాష్‌విల్ చేరాడు. ఆ బొమ్మల పుస్తకం వేసిన సంస్థ తరఫునే!

మతబోధకుడి చదువు కోసం లూయిస్ అప్పటికే నాష్‌విల్‌లో ఉన్నాడు. మంగళవారం రాత్రుళ్లు ఒక చర్చిలో లాసన్ తరగతులు. పదిమందితో మొదలైంది. కుర్చీలు వరుసగా వేసి, అదే హోటల్ అనుకోమనేవాడు. కొందరు విద్యార్థులు అల్లరిమూక వేషం కట్టాలి. మిగతావాళ్లు వెళ్లి కూర్చోవాలి. అల్లరిమూక వచ్చి బూతులు తిట్టాలి, మొహాన సిగరెట్ పొగ వదలాలి, కుర్చీ లాగి పడెయ్యాలి. పడినవాడు తిరగబడకూడదు. తల ఎలా కాపాడుకోవాలో, పక్కవాడి మీద దెబ్బ పడుతుంటే మధ్యలోకి ఎలా వెళ్లాలో, కొట్టేవాడి కళ్లలోకి ఎలా చూడాలో నేర్పేవాడు. స్నేహితుడే స్నేహితుణ్ని నోటికొచ్చినట్టు తిట్టాలి. తిట్టలేక ఏడ్చినవాళ్లున్నారు. పడలేక తప్పుకున్నవాళ్లూ ఉన్నారు. 'మార్చ్' మొదటి భాగంలో ఇదంతా పేజీలకు పేజీలు ఉంది. సెల్మా వంతెన దృశ్యాన్ని అందరూ మెచ్చుకుంటారు గానీ, మూడు పుస్తకాల్లోకీ గొప్ప పేజీలు ఈ అభ్యాసానివే. ధైర్యం పుట్టుకతో వచ్చే వరం కాదనీ, చెమటోడ్చి సాధన చేస్తే వచ్చేదనీ ఇంత వివరంగా చూపించిన బొమ్మల పుస్తకం మరొకటి అరుదు. మన అమరచిత్ర కథల్లో వీరుడు మొదటి పేజీలోనే వీరుడు కదా!

1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో అనే ఊళ్లో నలుగురు విద్యార్థులు తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చుని లేవమన్నారు. వాళ్లలోనూ ఒకరు ఆ పది సెంట్ల పుస్తకం చదివారని చెబుతారు. పన్నెండు రోజుల్లో నాష్‌విల్ విద్యార్థులు దిగారు. లూయిస్‌కి మంచి బట్టల్లేవు. పాత బట్టల షాపులో అయిదు డాలర్లకు సూటు కొన్నాడు. 'అది ఇప్పుడుంటే వేలంలో బోలెడు పలికేది' అని సభల్లో నవ్వించేవారు. పాటించాల్సిన నియమాల కాగితం ఒకటి తయారుచేసి అందరికీ పంచారు. తిరిగి కొట్టొద్దు, గట్టిగా నవ్వొద్దు, కౌంటర్ వైపే చూస్తూ తిన్నగా కూర్చో... ఇలాంటివి.

ఫిబ్రవరి 27న మూక వచ్చింది. కొట్టారు. కాలుతున్న సిగరెట్లు ఒంటి మీద ఆర్పారు. పోలీసులొచ్చి, కొట్టినవాళ్లను వదిలేసి కూర్చున్నవాళ్లను అరెస్టు చేశారు. వాళ్లను తీసుకెళ్తుంటే ఖాళీ అయిన స్టూళ్ల మీద మరికొందరు వచ్చి కూర్చున్నారు. వాళ్లనూ తీసుకెళ్తే ఇంకొందరు. ఆ రోజు దాదాపు 80 మంది జైలుకెళ్లారు. జరిమానా కట్టమంటే కట్టమన్నారు. మే 10న నాష్‌విల్ కౌంటర్లలో అందరికీ వడ్డించడం మొదలైంది. మూడు నెలలు!

లూయిస్‌కి అదే మొదటి అరెస్టు. అరవైల్లో మొత్తం నలభైసార్లు అయింది. పార్లమెంటు సభ్యుడయ్యాక మరో అయిదుసార్లు.

నలుపూ తెలుపూ

పావెల్ బొమ్మల్లో రంగుల్లేవు. నలుపు, తెలుపు, మధ్యలో బూడిద ఛాయలు. రాత్రి, పొగ, చీకటి గదుల కథకు అది చక్కగా అమరింది. పుస్తకం 2009 జనవరి 20న, ఒబామా అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజుకీ పాత రోజులకీ మధ్య అటూ ఇటూ తిరుగుతుంటుంది. రెండో భాగంలో ఒకచోట ప్రమాణ స్వీకార వేదిక మీద అరెతా ఫ్రాంక్లిన్ దేశభక్తి గీతం పాడుతుంటుంది. ఆ పాట అక్షరాలు తేలుతూ వెనక్కి వెళ్లి, 1961లో మాంట్‌గోమరీ బస్టాండులో ఉద్యమకారుల్ని చావగొడుతున్న బొమ్మల మీద పడతాయి. సినిమాలో చేస్తే అతి అనిపించేది. కాగితం మీద పాఠకుడే పాటనూ దెబ్బనూ కలుపుకుంటాడు.

లోపాలు లేకపోలేదు. ఆ రెండో భాగంలోనే సంఘాలూ వాటి పొట్టి పేర్లూ సమావేశాలూ ఎక్కువై, చిన్నపిల్లలు కొన్ని పేజీలు తిప్పేసే అవకాశం ఉంది. అయితే నాయకులు తమలో తాము గొడవపడటాన్ని దాచకపోవడం మెచ్చుకోవాలి.

అన్నట్టు, పుస్తకం వచ్చిన సమయమూ చిత్రమే. సెల్మా దెబ్బల తర్వాత అయిదు నెలలకు, 1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. గతంలో ఓటు అడ్డుకున్న రాష్ట్రాలు ఎన్నికల నియమాలు మార్చాలంటే కేంద్రం అనుమతి తీసుకోవాలన్నది దాని ముఖ్య బలం. 2013 జూన్ 25న సుప్రీంకోర్టు ఆ ఏర్పాటుకు ఆధారమైన సెక్షన్‌ని కొట్టేసింది. 'మార్చ్' మొదటి భాగం వచ్చింది ఆ తర్వాత ఏడు వారాలకు. అంటే తల పగలగొట్టించుకుని సాధించినది కళ్లముందే సగం కరిగిపోతుంటే, లూయిస్ పిల్లల ముందు నిలబడి అది ఎలా సాధించారో చెబుతున్నారన్నమాట. అందుకే ఆ సభల్లో జ్ఞాపకాల తీపి కన్నా తొందర ఎక్కువ కనిపించేది. 'గొడవల్లోకి పోకు' అని అమ్మ చెప్పేదనీ, తను మాత్రం 'మంచి గొడవ' ఎంచుకున్నాననీ, మీరూ ఎంచుకోండనీ ఎన్నో సభల్లో చెప్పారు.

కైరోలో ఒక అధికారి

ఆ పాత పుస్తకం ప్రయాణం నాష్‌విల్‌లో ఆగలేదు. 2008లో ఈజిప్టుకు చెందిన దాలియా జియాదా అనే యువతి దాన్ని అరబ్బీలో తేవడానికి పూనుకుంది. అప్పుడక్కడ ముబారక్ పాలన. భద్రతా అధికారి ముద్రణ ఆపేశాడు. ఆమె వెళ్లి ఆయన ముందు కూర్చుని పేజీ పేజీ తిప్పి చూపించింది. చివరికి అనుమతిచ్చాడు. పైగా 'మా పిల్లలకు ఇంకో రెండు మూడు ప్రతులివ్వండి' అన్నాడని ఆమె తరవాత చెప్పింది. 2011లో కైరో తహ్రీర్ మైదానంలో జనం గుమిగూడినప్పుడు ఆ బొమ్మల పుస్తకం అక్కడా చేతులు మారింది.

పుస్తకం వల్లే ముబారక్ దిగిపోయాడంటే అతిశయోక్తి. దిగిపోయాక జరిగింది కూడా చూడాలి. రెండున్నరేళ్లు తిరక్కుండానే, 2013లో సైన్యం మళ్లీ పగ్గాలు పట్టింది. నాష్‌విల్‌లో మూడు నెలలు చాలాయి. మాంట్‌గోమరీలో ఏడాది పైన పట్టింది. కైరోలో గెలిచినది నిలవలేదు. వంటల పుస్తకంలో కొలతలున్నంత మాత్రాన పొయ్యి మీద ప్రతిసారీ ఒకేలా కుదరదు.

లైబ్రరీ కార్డు

2016 నవంబరులో 'మార్చ్' మూడో భాగానికి నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. బాల సాహిత్యం విభాగంలో. న్యూయార్క్ వేదిక మీద లూయిస్ గొంతు పూడుకుపోయింది. అప్పుడు చెప్పిన సంగతి ఇది. 1956లో, తనకు పదహారేళ్లప్పుడు, అక్కచెల్లెళ్లతో అన్నదమ్ములతో కలిసి ఊళ్లో లైబ్రరీకి కార్డుల కోసం వెళ్లారు. ఇది తెల్లవాళ్లకే, నల్లవాళ్లకు కాదు అని పంపేశారు. మళ్లీ ఆ గడప తొక్కింది 1998 జులై 5న. తన ఆత్మకథ మీద సంతకాలు పెట్టడానికి రచయితగా పిలిస్తే వెళ్లారు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి వచ్చారు. కార్యక్రమం అయ్యాక లైబ్రరీ వాళ్లు ఆయన చేతిలో కార్డు పెట్టారు. అడిగిన నలభై రెండేళ్లకు!

అవార్డు వచ్చిన మూడు రోజులకు నాష్‌విల్ ప్రజా గ్రంథాలయంలో మరో సభ. అక్కడ ఆయనకు తెలియకుండా ఒక కానుక సిద్ధం చేశారు. అరవైల నాటి తన అరెస్టు కాగితాలూ, పోలీసులు తీసిన ఫొటోలూ. అవి చూసి ఆ పెద్దాయన కళ్లు చెమర్చాయి.

మరుసటి జనవరిలో, కొత్తగా ఎన్నికైన అధ్యక్షుడు ట్రంప్‌కీ లూయిస్‌కీ మధ్య మాటల యుద్ధం నడిచింది. ఆ రెండు రోజుల్లో లూయిస్ పుస్తకాలు అమెజాన్‌లో అమ్మకాల్లో పైకెక్కి, స్టాకే అయిపోయింది. తర్వాతి భాగంగా 'రన్' అనే పుస్తకం మొదలుపెట్టారు. అది అచ్చు కాకముందే, 2020 జులై 17న క్యాన్సర్‌తో కన్నుమూశారు. నాగపూర్ నుంచి తిరిగి వెళ్లిన లాసన్ మాస్టారు 2024 జూన్ దాకా ఉన్నారు. 'రన్' 2021లో వచ్చింది. ఆ కథ ఓటు హక్కు చట్టం మీద సంతకం పడిన తర్వాతి రోజుల్లో మొదలవుతుంది.